నూట ఇరవై నాలుగు కిలోల కొలబద్ద

ఆ ఊళ్ళో జనమంతా నాలుగు నెలల్లో లావెక్కిపోయారు. జిమ్ముకు వెళ్ళేవాళ్ళు లావెక్కారు, వెళ్ళనివాళ్ళు లావెక్కారు, ఆఖరికి జిమ్ము యజమాని కూడా లావెక్కి ఆ సంగతి మెంబర్ల దగ్గర దాచుకున్నాడు. దీనికి నిద్రలేమి కారణమని పత్రికలో ఒక పెద్దమనిషి రాశాడు. ఇంకొకాయన పొట్లాల్లో అమ్మే చిరుతిళ్ళన్నాడు. మూడో ఆయన వంశపారంపర్యమన్నాడు. లోకంలో ఊబకాయానికి ఆ మూడూ కారణాలే. ఈ ఊళ్ళో మాత్రం కారణం తూనికల శాఖ మెకానిక్కు.

ఆయన్ని అందరూ కాటాయన అంటారు. ఆస్పత్రుల్లో, బళ్ళలో, జిమ్ముల్లో మనుషుల్ని తూచే కాటాలన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. నెలకోసారి వెళ్ళి, కాటా మీద ఇరవై కిలోల ఇనుప రాళ్ళు ఒక్కొక్కటే పేర్చి, మిషను అంతే చూపిస్తోందో లేదో చూసి, తేడా ఉంటే సరిచేసి సీలు వేయాలి. రాళ్ళు ఆరు. శాఖవాళ్ళు రాళ్ళిచ్చారు గానీ మోసేవాణ్ణి ఇవ్వలేదు. కాటాలేమో ఎప్పుడూ లిఫ్టు పనిచేయని మేడల్లో మూడో అంతస్తులోనే ఉంటాయి. మోకాళ్ళు మొరాయించిన ఒకరోజు ఆయనకో ఉపాయం తోచింది. తన బరువు నూట ఇరవై నాలుగు కిలోలు. పదకొండేళ్ళుగా అంతే. పస్తున్నా అంతే, విందుకెళ్ళొచ్చినా అంతే. రాళ్ళను వ్యానులో వదిలేసి తనే కాటా ఎక్కాడు. అరకిలో తక్కువ చూపించింది. ఆ అరకిలో సరిచేసి సీలు వేశాడు.

ఆ రోజు నుంచి రాళ్ళు వ్యాను దిగలేదు.

అందులో బద్ధకం ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది. బళ్ళో గుమ్మడికాయ అనిపించుకున్న ఒళ్ళు, బస్సులో పక్కవాడి చేత నిట్టూర్పులు విడిపించిన ఒళ్ళు, ఇన్నాళ్ళకు ఒక ఊరికి ప్రమాణమైంది.

అలాంటి మనిషి ఊబకాయం మందు మీద జరిగే పరిశోధనలో చేరడానికి కారణం బరువు కాదు, ఒక గొంతు. ఊహ తెలిసినప్పటి నుంచీ అది ఆయన తలలో ఉంది. బేకరీ దాటితే వెనక్కి తిరగమనేది. బన్ను తింటుంటే తర్వాతి బన్ను గురించి మాట్లాడేది. తల్లి పోయిన రోజున, నలుగురూ ఏడుస్తుంటే, టీతో పాటు బిస్కెట్లు ఇస్తారేమో కనుక్కోమంది. ఈ చివరి సంగతి ఆయన భార్యకు కూడా చెప్పలేదు.

"అది మీ దుర్గుణం కాదండీ," అంది పరిశోధన చేసే డాక్టరమ్మ. "శరీరం తనకు అలవాటైన బరువుకు కాపలా కాస్తుంది. తగ్గిందంటే ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గించుకుంటుంది. మీదింకా గట్టి కాపలా."

"కాటాల శాఖ కదండీ," అన్నాడాయన.

వారానికో సూది. సగంమందికి మందు, సగంమందికి ఉత్త నీళ్ళు. ఎవరికేదో ఇచ్చేవాళ్ళకూ తెలియదు, ఇంటికి పట్టుకెళ్ళి వేసుకునేవాళ్ళకూ తెలియదు. పదహారు వారాల్లో బరువులో నూటికి ఐదు వంతులు తగ్గితే రెండేళ్ళు ఉచితం. తగ్గకపోతే పేరు కొట్టేసి ఆ చోటు వరసలో ఉన్నవాళ్ళకిస్తారు. బయట కొనాలంటే అది నెలకు ఆయన జీతంలో సగం మింగే మందు.

మూడో వారంలో గొంతు ఆగిపోయింది. మేడ మీద అద్దెకున్నవాళ్ళు చెప్పాపెట్టకుండా ఖాళీ చేసి వెళ్ళినట్టు ఆగిపోయింది. ఆయన వ్యానును బేకరీ ఎదురుగా ఆపి పది నిమిషాలు కూర్చున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బన్నులు బన్నుల్లాగే ఉన్నాయి. స్టీరింగు మీద తల ఆనించి చిన్నగా ఏడ్చాడు.

కానీ కాటా కదల్లేదు. ఎలా కదులుతుంది? ప్రతి నెలా తూకానికి ముందురోజు ఆ ఆస్పత్రి కాటాను చూసేదీ ఆయనే. మొదటి నెల ఎక్కితే నూట ఇరవై ఒకటిన్నర అంది. మిషను రెండున్నర కిలోలు తగ్గించి చూపిస్తోందనుకుని దాన్ని నూట ఇరవై నాలుగుకు తెచ్చాడు. మర్నాడు తూచారు. నూట ఇరవై నాలుగు. ఊళ్ళో మిగతా కాటాలదీ అదే కథ. ఈ మధ్య అన్నీ తక్కువ చూపిస్తున్నాయి, సరుకులో నాణ్యత పోయింది అని పై అధికారికి ఉత్తరం కూడా రాశాడు.

బరువు తగ్గలేదంటే నాకిచ్చేది నీళ్ళే అని తేల్చుకున్నాడు. నీళ్ళే అయితే గొంతు నోరు మూయించిందెవరు? తనే. తన సంకల్పబలం. ఇన్నేళ్ళూ జనం ఏది లేదన్నారో అదే. ఛాతీ విరుచుకుని నడవడం మొదలుపెట్టాడు. ఆస్పత్రి వరండాలో సిటీబస్సు నడిపే ఆవిడ కనిపిస్తే ఉపదేశం కూడా చేశాడు. ఆవిడా ఇదే పరిశోధనలో ఉంది.

"మనసు గట్టిగా ఉండాలమ్మా. సూదిదేముంది!"

"నాకున్నదే ఒక్క మనసన్నా. అది బ్రేకు మీద పెట్టాలి, క్లచ్చు మీద పెట్టాలి, పిల్లల మీద పెట్టాలి. ఇంక నోటి మీదకి ఎక్కణ్ణించి తేను?" అంది ఆవిడ.

పదహారో వారం వచ్చింది. సోమవారం కాటా సరిచేశాడు. మంగళవారం సగంమందికి తూకం, బుధవారం ఆయన వంతు. మంగళవారం సాయంత్రం, బట్టలు కుట్టే భార్య ఆయన ప్యాంటు మిషను మీద వేసి పిలిచింది.

"ఏమండోయ్, దీన్ని కుదించడం ఇది మూడోసారి. ఇంకోసారి కుదిస్తే రెండు జేబులూ వెనకాల కలుసుకుని పలకరించుకుంటాయి. చిక్కిపోయారు మీరు."

"గుడ్డ సాగింది."

"కాలరూ సాగిందా?"

"సాగుండొచ్చు."

"మొన్న ఉంగరం జారి సింకులో పడిందే, బంగారమూ సాగిందా?"

"చూడూ, నీ టేపు గుడ్డముక్క. నాది మిషను. మిషను నూట ఇరవై నాలుగంటోంది."

"ముప్ఫై ఏళ్ళుగా అదే గుడ్డముక్కతో కుడుతున్నా. ఒక్క రవిక బిగుతవలేదు. నేను టేపుతో మిమ్మల్ని కొలుస్తా. మీరు మీ మిషన్ని దేంతో కొలుస్తారు?"

"రాళ్ళతో," అని అబద్ధమాడాడు.

"అయితే పట్రండి ఆ రాళ్ళు. తేల్చేద్దాం."

ఉడుక్కుని కిందికి దిగి, చేతికో రాయి పట్టుకుని రెండంతస్తులు ఎక్కాడు. గుమ్మం దగ్గరకొచ్చాక గానీ ఆయాసం రాలేదని తట్టలేదు. నిన్ననే సరిచేసుకున్న ఇంటి కాటా మీద ఒక రాయి పెట్టాడు. ఇరవై ఒకటి పాయింట్ ఆరు. రెండోది పెట్టాడు. నలభై మూడు దాటింది.

"ఇరవై కిలోల రాయికి ఒళ్ళు చేసిందేమిటండీ?" అంది ఆవిడ. "దేన్ని పెట్టి సరిచేశారు దీన్ని?"

ఆయన వేలితో తన పొట్ట చూపించాడు.

ఆవిడ ముందు అర్థంకానట్టు చూసింది. తర్వాత కుట్టుమిషను పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "ఊరందరికీ మీ పొట్టేనా! పక్కింటి పిల్ల రెండు నెలలుగా గడ్డి నములుతోందండీ, బరువు తగ్గట్లేదని!"

ఆయన లెక్క కట్టుకున్నాడు. నూట పద్నాలుగున్నర ఉంటాడు. తొమ్మిది కిలోలు పైగా పోయాయి. అంటే తనకిచ్చింది మందే. సంతోషించాల్సింది పోయి జేబు కొట్టేసినట్టనిపించింది. గొంతును ఆపింది సంకల్పబలం కాదన్నమాట. వారానికో చుక్క మందు. విరుచుకున్న ఛాతీ మెల్లగా మామూలుగా అయింది. పడక మీద వెల్లకిలా పడుకున్నాక ఇంకో ఆలోచన వచ్చి, మొదటిదాని పక్కన కూర్చుంది. ఈ నాలుగు నెలల గొప్ప నాది కాకపోతే, అంతకుముందు నలభై ఏళ్ళ తప్పూ నాది కాదు. తల్లి పోయిన రోజు అడిగింది నేను కాదు.

పొద్దున్నకు ఉపాయం తయారైంది. అందరికంటే ముందు ఆస్పత్రికి వెళ్ళి కాటాను రాళ్ళతో సరిచేస్తే చాలు. తూకంలో నూట పద్నాలుగున్నర వస్తుంది. అది అబద్ధం కూడా కాదు. రెండేళ్ళ నిశ్శబ్దం. మిగతా కాటాలను నెమ్మదిగా దించుకోవచ్చు, ఊరు దానంతటదే చిక్కుతుంది. ఆరు రాళ్ళను మూడు విడతల్లో పైకి చేర్చాడు. చివరి విడతలో, మూడో అంతస్తు మెట్ల మీద బస్సావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో మిగిలిన సూదుల పెట్టె.

"ఏమ్మా, ఇంత పొద్దున్నే?"

"పెట్టె అప్పజెప్పడానికన్నా. నిన్న కొట్టేశారు నా పేరు. నూట పది ఉన్నదాన్ని నూట పదే ఉన్నానంట." ఆవిడ పెట్టె మూత తీసి మూసింది. "నాలుగు నెలలు హాయిగా నడిపాను బండి. ఏ స్టాపు దగ్గర ఏ తినుబండారాల కొట్టుందో చూడకుండా. మరి ఎందుకు తగ్గలేదో. మీరన్నట్టు నా మనసే గట్టిది కాదేమో."

ఆయన చేతుల్లో రెండు రాళ్ళున్నాయి. కింద పెట్టాలని కూడా తోచలేదు. తన తూకం ఒక్కటే సరైతే ఈవిడ జన్మంతా ఈ మాట అనుకుంటూ బతుకుతుంది. ఆ బతుకు ఎలా ఉంటుందో ఆయనకు గ్రాములతో సహా తెలుసు.

"నీ మనసుకేం కాలేదు. నా పొట్టలో ఉంది లోపం. లోపలికి రా, చెప్తా," అన్నాడు.

డాక్టరమ్మ మొత్తం వింది.

"నా పరిశోధనంతా మీమీద పెట్టి తూచారా?"

"అవునండీ."

"ఈ మందు పనిచేయదని నివేదిక రాయడం మొదలుపెట్టాను. తెలుసా మీకు? రాత్రి సగం రాశాను."

"చింపేయండి మేడం, చింపేయండి," అంది బస్సావిడ.

మిషను తనమీద జరిగిన ప్రతి మార్పునూ తేదీతో గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి అందరి తూకాలూ వెనక్కి లెక్క కట్టొచ్చంది డాక్టరమ్మ. పేరు పోయినవాళ్ళు తిరిగొస్తారు. తూనికల శాఖకు ఉత్తరం వెళ్తుంది. అది తప్పదు.

"మరి నేనండీ?"

"కాటాలో వేలు పెట్టిన మనిషి ఇందులో ఉండకూడదండీ. నిబంధన." ఆవిడ కళ్ళజోడు తీసింది. "వరసలో రాస్తాను. ముందు మూడొందలమంది ఉన్నారు."

"రాయండి," అన్నాడు.

రాళ్ళు ఆరూ పేర్చి, నూట ఇరవైకి నూట ఇరవై చూపించేదాకా సరిచేశాడు. రాళ్ళు దింపి, అడగకుండానే తనూ ఎక్కాడు. నూట పద్నాలుగు పాయింట్ ఆరు. ఇంతకు మునుపెన్నడూ చూడని అంకె. అది వెలిగి ఆగిపోయాక కూడా నిలబడే ఉన్నాడు.

"దిగన్నా ఇంక," అంది బస్సావిడ. "నీ అబ్బ సొత్తనుకున్నావా?"

ఆయన దిగాడు, ఆవిడ ఎక్కింది. నూట రెండు.

"ఎనిమిది కిలోలు!" అని అరిచింది. "ఎనిమిది కిలోలు మింగేశావు కదయ్యా, మహానుభావా!" కాటా మీదే నిలబడి, చెయ్యందినంత మేర ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. నొప్పి పుట్టింది. బావుంది కూడా.

ఆదివారం వేసుకున్న సూది ఇంకో నాలుగు రోజులు పనిచేస్తుంది. ఊళ్ళో ఇంకా ఇరవై మూడు కాటాలున్నాయి. ఆయన రెండు రాళ్ళు ఎత్తుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు.