రెండోసారి బిగింపు

బెర్లిన్ గోడ కూలిన మరుసటి ఏడాదే తూర్పు జర్మనీలో గ్లాస్‌హ్యుట్టె ఊళ్ళోని ప్రభుత్వ గడియారాల ఫ్యాక్టరీ ఇర్మ్‌ట్రౌట్‌ను ఇంటికి పంపేసింది. నాలుగేళ్ళు ఆమె వృద్ధాశ్రమంలో పక్కదుప్పట్లు మార్చింది. ఊళ్ళో ఎప్పుడో మూతబడిన పాత గడియారాల కంపెనీకి మళ్ళీ ప్రాణం పోస్తున్నామని పశ్చిమ జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కబురంపితే, అరిగిన మోకాళ్ళతో వచ్చి మళ్ళీ బల్ల ముందు కూర్చుంది.

మూడు నెలలకు మొదటి గడియారం నడిచింది. కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి ఆమె కళ్ళు నులుముకుంటుండగా, కొడుకు వయసున్న డైరెక్టరు ఫోల్క్‌హార్ట్ వచ్చాడు.

"అద్భుతమండీ! ఇక మొత్తం విప్పేయండి."

"బాగానే నడుస్తోంది కదయ్యా!"

"నడిచాక విప్పి, కడిగి, మెరుగుపెట్టి మళ్ళీ బిగించాలి. మీ ముత్తాతల పద్ధతే కదండీ! సర్కారు హయాంలో మీరంతా మర్చిపోయారు."

మా ముత్తాతల సంగతి ఇతగాడొచ్చి చెప్పాలి! ఆమెకు ఒళ్ళు మండింది, కానీ అరిచే ఓపిక లేదు. స్క్రూడ్రైవర్ అందుకుంది.

"మర్చిపోలేదు నాయనా. మమ్మల్నీ నడుస్తుండగానే విప్పేశారుగా, రెండువేలమందిని. మళ్ళీ బిగించింది పదిహేనుమందిని." మొదటి స్క్రూ తీసి గిన్నెలో వేసింది. "ఇన్ని ముక్కలు బయటే మిగిలిపోతే గడియారం నడుస్తుందంటావా?"