మంచి బీడీల ముచ్చట ఎవరూ ఎత్తరు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. మా ఇంటాయన పోయాక, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చాను. ఈ కాస్త రాయడానికే నాలుగు రోజులు పట్టింది.

నేర్పింది పక్కింటి వాణి. ముందు బాగున్న మాట పక్కన టిక్కు పెట్టేది. "మస్తు రాసినవ్ పెద్దమ్మా. గీ ఒత్తు ఒక్కటి జర చూడు" అనేది.

ఆ వాణే ఫోనులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టింది. పసుపు పనిచేసే ఆడవాళ్లను ఇంటికి పిలిచి మాట్లాడించేది. రోడ్డు మీది లారీల మోత పడకుండా ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకునేవాళ్లు. రికార్డు చేసింది ముందు నాకే వినిపించేది.

"తప్పులు చెప్పు పెద్దమ్మా. మొగమాటపడకు."

చెప్పాను. "నువ్వే అడుగుతవ్, నువ్వే జవాబిస్తవ్. ఇంక గామె ఎందుకే, దుప్పటి మొయ్యనీకా?"

వాణి పడిపడి నవ్వింది. తర్వాతి వారం ఆ తప్పు లేదు. ఇంకొకటి చెప్పాను. అదీ దిద్దుకుంది. ఇలా పదకొండు వారాలు. నవ్వడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు.

పన్నెండోది సీతాబాయిది. పసుపు ఉడికే కడాయి దగ్గర కూతురి కాళ్లు కాలిన సంగతి చెబుతూ ఆమె ఏడ్చి ఆగిపోయింది. వాణి ఏమీ అడగలేదు. ఆమె తిరిగి మాట అందుకునేదాకా ఊరకే ఉంది. అది వినమని ఫోను నా చేతికిచ్చి వాణి నీళ్లకు పోయింది. ఆమె వచ్చేలోగా కళ్లు తుడుచుకున్నాను.

"ఎట్లున్నది?"

"మొదట్ల మ్యూజిక్ గట్టిగున్నది."

"ఇంకేమన్న?"

"ఏం లేదు."

ఆ వారమే పన్నెండూ ఫోనులోంచి కూడా తీసేసింది. ఎందుకని అడిగాను.

"ఒక్కటన్న మంచిగున్నదన్నవా పెద్దమ్మా?"

ముప్పై ఏళ్లు బీడీలు చుట్టినదాన్ని. కార్ఖానాలో తనిఖీ చేసే సాయన్న మా కట్టల్లోంచి వదులుగా ఉన్నవి ఏరి, విరిచి పడేసేవాడు. మంచివి మారుమాట లేకుండా పక్కన పెట్టేవాడు. ఆయన నోరు మెదపని రోజే మాకు పండుగ. వాణికి అదే చెప్పాను.

"నేను బీడీనా?" అంది.

మూడు రోజులు కూర్చుని, బాగున్నవన్నీ ఒక కాగితం మీద రాశాను. సీతాబాయి దగ్గర నువ్వు ఊరుకున్నావు చూడు, అది అందరికీ రాదు బిడ్డా అని రాశాను. వాణి నిలబడే చదివింది. పెన్ను తీసి కింద టిక్కు పెట్టింది.

"మస్తు రాసినవ్."

"మళ్ల పెడ్తవా బిడ్డా?"

"అన్నీ పోయినయ్ పెద్దమ్మా. సీతాబాయిని మళ్లొకసారి ఏడ్వమనాల్నా?"

కాగితం నా చేతికిచ్చి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కాగితం రెండు వైపులా చూశాను. అందులో తప్పులు లేకుండా ఉండవు. వాణి ఈసారి ఒక్కటి కూడా చూపలేదు.

నీలవ్వ, అరవై ఒక్క ఏళ్లు, ఆర్మూర్. ఇప్పటికీ వాణి వాళ్ల పక్కింట్లోనే ఉంటున్నాను.