ఎయిర్‌బాక్స్‌లో జీవన్ ఊపిరి

అబద్ధం అనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. మధ్యలో లేచారో, ఊరుకోను. నేను ఒక్క కేక వేస్తే కాజీపేటలో రైలు ఆగింది. ఇంజిన్ డ్రైవరు దిగి వచ్చి దండం పెట్టాకే కదలనిచ్చాను.

కొత్తవాడలో మల్లవ్వ రోజూ పొద్దున్నే వాకిలి ఊడ్చి, చాయ్ గ్లాసు పట్టుకుని రేసు బండి పక్కన కూర్చుంటుంది. నాలుగు లావు టైర్ల క్వాడ్ బండి అది, రోడ్డు లేనిచోటే దాని ప్రతాపం. సీటు కింద నల్ల డబ్బా ఉంటుంది, ఎయిర్‌బాక్స్ అంటారు. ఇంజిన్ పీల్చే గాలి అందులోని ఫిల్టరు దాటే పోవాలి. మల్లవ్వ ఆ డబ్బా మూతకు చెవి ఆనించి, కొడుకు ఊపిరి విని, అప్పుడు చాయ్ తాగుతుంది.

కొడుకు జీవన్ నిరుడు ఆ మూత తీసి, లోపలి దుమ్ము నోటితో ఊదుతూ ఊదుతూ గుండె ఆగి పోయాడు. ఆఖరి ఊపిరి డబ్బాలోకి పోయింది. మల్లవ్వ ముందు మూత బిగించింది, తర్వాత ఏడ్చింది. ఇంజిన్ ఎంత గుంజినా ఆ ఊపిరి కాయితం ఫిల్టరు మడతలు పట్టుకుని పోకుండా ఉండిపోయింది. బండి ఆపి ఉన్నప్పుడు మెల్లగా వినబడుతుంది. పాలవాడు ఆ ఇంటి ముందు హారన్ కొట్టడు. "ఇయ్యాల జర బరువుగ తీస్తాండు, ముసురు పట్టింది గద" అని పక్కింటివాళ్లు అనుకుంటారు. అంతే.

జీవన్ చెల్లెలు నవనీతకు మాత్రం ఆ రోజు నుంచి ఏదీ తగలకుండా పోయింది. ఏడవదు, నవ్వదు. వేడి గిన్నె వట్టి చేత్తో దించి, కాలిందని తల్లి చెబితే చూసుకుంటుంది. అన్న బండి తీసుకుని మడికొండ అవతలి గుట్టల్లో నడుపుతుంది. ఆ మలుపుల్లో మగాళ్లు దేవుణ్ని తలుచుకుంటారు. ఆమె ఆవులిస్తుంది. అది ధైర్యం కాదు, భయపడటానికి లోపల ఎవరూ లేరు.

బండి అసలు యజమాని సారంగపాణి ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నవనీతా, నర్సంపేట రేసుల బండి ఆఖరి గీత దాటాలె. దాటకుంటె ఇంకొకలకిస్త. ఇంట్ల పెట్టి మొక్కుకుంటందుకు ఇయ్యలె గద."

బండి పోతే ఊపిరీ పోతుంది. మల్లవ్వ చాయ్ సగంలో ఆపింది.

మర్నాడు మెకానిక్ భాస్కర్ ఫిల్టర్ల సంచి తెచ్చి వాకిట్లో బోర్లించాడు.

"చెల్లె, లోపలున్నది కాయితం ఫిల్టరు. ఏడాది దుమ్ము తిన్నది. నర్సంపేట ఎర్రమట్టి చెల్కల దుమ్ముకు దాని గొంతు పట్టుకపోతది. ఈ తీగల జాలి ఫిల్టరు గాలి మంచిగ ఇడుస్తది, సన్న దుమ్ము కూడ ఇడుస్తది. పిస్టన్ గీరుకపోతది. నూనె పట్టిచ్చిన స్పాంజిదే పెట్టాలె. దుమ్ము అంటుకుంటది, గాలి పోతది."

"పెట్టు మరి," అంది నవనీత.

"మూత తియ్యాలె గద!"

"తియ్యి, నీ చేతులిరగ్గొడ్త," అంది మల్లవ్వ.

"మూత తియ్యకుంట ఎట్ల మారుస్తరత్తా? నేనేమన్న గారడోన్నా?"

"గాలి గుంజే గొట్టం బయటికే ఉన్నది గద. దానికి తొడుగు నేస్త. దుమ్మంత బయటనే ఆగుతది."

"వదులుగ నెయ్యి మరి. జాలి లెక్క."

"మగ్గం నాకు నేర్పుతానవారా?"

మల్లవ్వ నేసే జంపఖానా, అదే కింద పరుచుకునేది, దాని సంగతి నన్నడగండి. అందులో నీళ్లు పోసి వరంగల్ స్టేషన్ దాకా మోశాను, బొట్టు కారలేదు. పోగు మీద పోగు దగ్గరికి కొట్టీ కొట్టీ గట్టిపడ్డ చేయి ఆమెది. వదులుగా నేయడం ఆ చేతికి రాదు. భాస్కర్ తొడుగు నోటికి పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గాని గాలి దాటలేదు.

"అత్తా, ఇది తొడుగా, ఇనుప మూతా?"

"పిల్లగానికి సలి పెట్టొద్దు," అంది మల్లవ్వ.

రేసు రోజు భాస్కర్ నూనె పట్టించిన స్పాంజి ఫిల్టరును కవర్లో చుట్టి నవనీత నడుముకు కట్టాడు.

నర్సంపేటలో ఆ రోజు లేచిన దుమ్ముకు సూర్యుడు దారి అడిగి ముందుకు పోయాడు. సగం దూరంలో నవనీత బండి దగ్గింది, మళ్లీ దగ్గింది, ఆగిపోయింది. తొడుగు పీకేసింది. అయినా లేవలేదు. ఏడాది దుమ్ముతో లోపలి కాయితం అప్పటికే మూసుకుపోయింది. పక్కనుంచి బండ్లు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి.

ఆమె మూత వంక చూసింది. క్లిప్పులు ఒక్కొక్కటే లేపి, పాత ఫిల్టరు బయటికి లాగింది.

లోపలి గాలి ముఖానికి తగిలింది. సోంపు వాసన. జీవన్ ఎప్పుడూ సోంపు నములుతుండేవాడు. తప్పుకుందామనుకునేలోపే అది ఆమె ముక్కులోకి పోయింది.  తర్వాత స్పాంజి ఫిల్టరు పెట్టి, మూత వేసి, స్టార్టర్ నొక్కింది.

బండి గీత దాటినప్పుడు మైదానం పక్కనున్న పత్తి గోదాముల తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి. మొదటి స్థానమని అబద్ధం చెప్పను. చివరి నుంచి రెండోది. దాటింది, అది చాలు. "ఉంచుకో," అన్నాడు సారంగపాణి.

గీత అవతల కాచుకుని ఉన్న మల్లవ్వ డబ్బాకు చెవి ఆనించింది. ఏమీ వినబడలేదు.

"ఏడబోయిండే?"

"నేనే పీల్చుకున్ననవ్వా."

మల్లవ్వ కూతుర్ని కింది నుంచి మీదికి చూసింది. 

"అయితె పైలంగ తీస్కో ఊపిరి," అంది.

నవనీత తలూపింది. ఏదో గుర్తొచ్చినట్టు పొట్ట మీద చేయి పెట్టుకుంది.

"ఆకలైతాందవ్వా," అంది.

రేసు మైదానం గేటు దగ్గర మిర్చిబజ్జీల బండి ఖాళీ అయ్యేదాకా తిన్నది, ఆఖరికి మూకుడులోని నూనె కూడా భయపడింది. నమ్మబుద్ధి కాకపోతే నర్సంపేట పోయి, ఆ బజ్జీలు వేసిన మనిషినే అడగండి. పేరు సమ్మమ్మ.