అరికాలి మంట

కుట్టుపనిలో నాకెంత పేరుందో, కోపంలోనూ అంతే పేరుంది. చొక్కా చేయి వదులైందని ఎవరైనా రెండోసారి అంటే బట్ట వాళ్ళ ఒళ్ళోకే విసిరేసే రకాన్ని. అందుకే, పొద్దున నడిచి వచ్చి గుమ్మంలో కూలబడి "అరికాలి మంట నెత్తికెక్కుతోంది" అన్న రోజు మా ఆయన నవ్వి, "ఇవాళ ఎవరి మీద?" అన్నాడు. ఆడపడుచైతే వంటింట్లోంచి బయటికే రాలేదు.

నేనన్నది కోపం సంగతి కాదు. నిజంగానే అరికాళ్ళు మండిపోతున్నాయి. షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. షుగరు అదుపులో ఉండాలంటే నడవాలి, నడిస్తేనేమో ఈ మంట.

"నడక మానేస్తానమ్మా," అన్నాను.

"పూర్తిగా మానేస్తే ఇంకా ముదురుతుంది. మెత్తటి బూట్లు వేసుకుని కాస్త కాస్త నడవండి. మందు పెంచి చూద్దాం."

బూట్లూ వేసుకున్నాను, సగం దూరమే నడిచాను, మందూ మింగాను. మొదట్లో స్నానం చేసేసరికి తగ్గిపోయే మంట ఇప్పుడు పడుకున్నా వదలడం లేదు. దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. మా ఆయన నా పాదాలు పట్టబోతే చెయ్యి తోసేశాను. పాపం, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆ మనిషికి తెలియలేదు.

వీటన్నిటికన్నా నా భయం కుట్టుమిషను గురించి. పెళ్ళికి ముందునుంచీ తొక్కుతున్నాను. నాకంటూ ఉన్నది ఆ పనొక్కటే. మోటారు బిగించుకోమంటే బిగించాను. దాని మీట కూడా కాలికిందే. ఎంత నొక్కుతున్నానో ఆ మంటలో పాదానికి తెలియక, మిషను ఒక్కసారిగా పరుగెత్తి సూది నా వేలిని రాసుకుంటూ పోయింది. ఆ మోటారు తీయించేశాను.

ఆ తర్వాత ఒకరోజు పక్కింటి టీచరు చొక్కా సగంలో ఉండగా పెడలు మీద కాళ్ళు పెట్టలేకపోయాను. మా ఆయన చూశాడు. నా పక్కన కుర్చీ వేసుకుని, తన కాళ్ళు పెడలు మీద పెట్టాడు.

"నువ్వు బట్ట చూసుకో. నేను తొక్కుతా."

చక్రం వెనక్కి తిరిగింది. దారం పుటుక్కున తెగింది. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ తెగింది.

"అలా కాదండీ," అని కసిరాను.

"మరెలాగో చెప్పు. అలాగే తొక్కుతా."

చెబుదామని నోరు తెరిచాను. ముందు వేళ్ళా మడమా, ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఏదీ మాటల్లోకి రాలేదు. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆలోచించి తొక్కలేదు నేను. చూపిద్దామని పాదం ఆనించి, వెంటనే తీసేశాను.

ఆయన కాళ్ళు అక్కడే ఉంచి, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పవే," అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపొచ్చేసింది.

"నాకూ తెలీదండీ," అన్నాను.