చెమట పట్టని కుండ

ఎనిమిది గంటలకల్లా కంబన్న రెండింటిలోనూ నీళ్ళు నింపేశాడు. ఒకటి స్టీలు బిందె, రెండోది మట్టికుండ. బీరువాలోంచి రెండు థర్మామీటర్లు తీసి, చొక్కా అంచుతో తుడిచి బల్లమీద పెట్టాడు. మెడ ఎముకలు పైకి తేలిన సన్నటి మనిషి. ఎప్పుడో బ్యాటరీ యాసిడ్ పడి కుడి బొటనవేలికి మళ్ళీ గోరు రాలేదు. కోడుమూరులోని ఈ డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఇరవై ఆరేళ్ళుగా అటెండరు.

ఈరోజు తనిఖీ కమిటీ వస్తోంది. వాళ్ళు మెచ్చితే ఫిజిక్స్ గ్రూపు ఉంటుంది, కంబన్న కొలువూ ఉంటుంది. లేదంటే ల్యాబుకు తాళం పడుతుంది, అతను ఇంటికి పోవాలి. ప్రిన్సిపాల్ నారాయణ ఆ మాట మొహం మీదే చెప్పాడు. అందుకే వారం రోజులుగా కాలేజీలో కదలని ప్రతిదానికీ రంగు వేయిస్తున్నారు. గేటుకు, దారి పక్క రాళ్ళకు, చివరికి వేపచెట్టు మొదలుకు. డబ్బాలో మిగిలిన నీలం ఎనామిల్‌ను నిన్న సాయంత్రం లెక్చరర్ కిరణ్‌కుమార్ ఈ కుండకు కూడా పూయించాడు, పైన తెల్ల ముగ్గుతో సహా.

ఏం చదివాడో మహానుభావుడు! కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో చూపించడానికే కదా ఆ కుండ. దాని ఒళ్ళంతా కంటికి కనబడని రంధ్రాలు. వాటిలోంచి నీరు చెమ్మలా బయటికొచ్చి ఆరిపోతుంది, ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ఈ సీమ ఎండకు, పొడిగాలికి ఆ పని ఇంకా బాగా జరుగుతుంది. రంగు పూస్తే ఆ రంధ్రాలన్నీ మూసుకుపోతాయి.

ఎనిమిదిన్నరకు కిరణ్‌కుమార్ రాగానే కంబన్న ఆ మాటే చెప్పాడు. "సార్, పెయింటు పూస్తే నీళ్ళు సల్లబడవు. మా ఇంట్లో ఇంకో కుండ ఉండాది, పోయి తెస్తా."

కిరణ్‌కుమార్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. "నాకే ఫిజిక్స్ చెప్తాండావా? పోయి తుడిచే పని చూసుకో."

కంబన్నకు ఒళ్ళు మండింది. కొడుకు వయసువాడు! అనుభవించనీ అనుకున్నాడు. కుండ తెస్తే ల్యాబు నిలుస్తుందని తెలుసు, తన కూడు నిలుస్తుందనీ తెలుసు. అయినా పంతం కొద్దీ కదల్లేదు.

పన్నెండింటికి కమిటీ వచ్చింది. పిల్లలు గోడవారగా నిలబడ్డారు. కిరణ్‌కుమార్ బాష్పీభవనం గురించి ఇంగ్లీషులో దంచి, థర్మామీటరు పైకెత్తి చదవబోయి ఆగిపోయాడు. బిందెలో ముప్పై ఆరు. కుండలోనూ ముప్పై ఆరే.

"ఏమైందండీ?" అంది కమిటీలోని స్వర్ణలత మేడం.

"అటెండరు పొద్దున వేడినీళ్ళు పోసినట్టున్నాడు మేడం. ఎన్నిసార్లు చెప్పినా వినడు."

కంబన్న చెవులు ఎర్రబడ్డాయి. తల ఊపి ఊరుకుంటే అటెండరు పొరపాటని కమిటీ వదిలేస్తుంది, కొలువు దక్కుతుంది. అతను ఊరుకోలేదు. కుండ దగ్గరికొచ్చి నీలం రంగు మీద చెయ్యి వేశాడు.

"వేణ్ణీళ్ళు కాదు మేడం. కుండకు చెమట పట్టాల. ఆ చెమట ఆరితేనే లోపల సల్లదనం. ఎండలో పని చేసినాక గాలి తగిల్తే మనకు శానా హాయిగా ఉంటాది సూడు, ఇదీ అంతే. ఈ సారు రంగు పూయించి దీనికి చెమట పట్టకుండా చేసినాడు. చెప్తే తుడిచే పని చూసుకో అన్నాడు. ఇంట్లో కుండ ఉండి కూడా కోపంతో నేను తేలేదు. అది నా తప్పే."

శివలీల అనే అమ్మాయి నోటుబుక్కు తెరిచి ఆ మాటలు రాసుకుంది. ఆమెను చూసి మిగతావాళ్ళూ రాసుకున్నారు. మేడం నవ్వి, "ఈ ల్యాబులో పాఠం బాగానే చెప్తున్నారే," అని తన కాగితం మీద మంచిగానే రాసింది.

మూడింటికి ప్రిన్సిపాల్ పిలిపించాడు. "గ్రూపు నిలబడిందిలే. కానీ పదిమందిలో లెక్చరర్ పరువు తీసినోణ్ణి ఈడ పెట్టుకోలేనప్పా. రేపట్నుంచి రావద్దు."

కంబన్న బతిమాలలేదు. తాళంచెవులు అక్కడే పెట్టి బయటికి నడిచాడు. వరండాలో కిరణ్‌కుమార్ ఎదురుపడి మొహం తిప్పుకున్నాడు.

"ఇట్ల సూడు సార్," అన్నాడు కంబన్న. "పై ఏడాదికి కొత్త కుండ కొనుక్కో. దానికి మాత్రం రంగు పూయొద్దు."

ల్యాబు కిటికీ చువ్వకు అతని తువ్వాలు మిగిలిపోయింది. మధ్యాహ్నం అతను మెడ మీది చెమట తుడుచుకుని ఆరేసినది, ఇప్పుడు బిరుసెక్కి, మడతల వెంట తెల్లటి ఉప్పు చారలతో వేడిగాలికి ఊగుతోంది.