గేటు దాకా పూసిన పూలు

చలి వెనక్కి తగ్గిందని ఆ వీధిలో ముందు గుర్రానికి తెలుస్తుంది, తర్వాత పిచ్చుకలకి, ఆఖరున మనుషులకి. గుర్రం ఒళ్లు దురదపెట్టి కొట్టం గోడకేసి రుద్దుకోవడం మొదలుపెట్టిందంటే చిన్నోడు ఇనుప దువ్వెన వెతుక్కుంటాడు. మెడ దగ్గర పెట్టి తోక దాకా లాగుతాడు. చలికాలమంతా పెంచుకున్న ఎర్రబొచ్చు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడి నేల మీద పడుతుంది. పిచ్చుకలు చూరు మీద వరసగా కూర్చుని, వాడు అటు తిరగడం ఆలస్యం, దిగి గూళ్లకి ఎత్తుకుపోతాయి. "దొంగ మొహాల్లారా, అడిగి తీసుకోవచ్చుగా" అని తిడతాడు వాడు. గుర్రం కళ్లు మూసుకుని, కింది పెదవి వేలాడేసుకుని నిలబడుతుంది. ఆ పెదవి అలా వేలాడితే చిన్నోడికి అన్నం తినకపోయినా కడుపు నిండినట్టుంటుంది.

చిన్నోడంటే పిల్లాడనుకునేరు. నలభై దాటాయి, నడినెత్తిన జుట్టు పలచబడింది. అన్నని పెద్దోడంటారు కాబట్టి వీడు చిన్నోడయ్యాడు, అంతే. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. మోకాళ్లు పట్టేసి గడప దాటలేని తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక గుర్రం, ఒక బండి. పిండిమర దగ్గర బస్తాలెత్తి రొట్టెల కొట్లకి వెయ్యడం వాళ్ల పని. పని అయ్యాక కాలవ పక్కన కొత్త గడ్డిలో వదిలితే, అంత వయసొచ్చిన గుర్రమూ వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ గాల్లో ఆడిస్తూ పసిపిల్లలా దొర్లుతుంది. అన్నదమ్ములిద్దరూ గట్టు మీద కూర్చుని అది చూస్తూ నవ్వుకునేవాళ్లు.

వసంతం వచ్చాక ఇంకోటి కూడా జరుగుతుంది. చలికాలంలో ఆ గుర్రం ఎక్కడెక్కడ అడుగు వేసిందో అక్కడల్లా పూలు పూస్తాయి. గోరంత పసుపు పూలు, లాడం ఆకారంలో. తారురోడ్డయినా, సిమెంటయినా, చివరికి రొట్టెల కొట్టు ముందు మురుగుకాలవ మీద వేసిన ఇనుప జల్లెడ మీదయినా సరే. నడిచి వెళ్లిపోయిన చోట పలచగా, నిలబడిన చోట ఒత్తుగా పూస్తాయి. వీధులూడ్చే ఆమె ఏటా చీపురు నడుముకి ఆనించి తగాదా పెట్టుకుంటుంది. "మీ గుర్రానికి చెప్పవయ్యా, కాస్త ఒక పక్కగా నడిచి చావమని. ఎన్నని ఊడ్చేది?" రొట్టెల కొట్టామె మాత్రం తన వాకిట్లో ఒక్క పువ్వునీ తొక్కనివ్వదు.

ఈ ఏడు మాత్రం గుర్రం గోడకి రుద్దుకోవడం చూసి చిన్నోడి గుండె జారింది. దువ్వెన తీసి, మళ్లీ చూరులో దోపేశాడు.

అసలు సంగతి చెప్పాలి. చలికాలం మొదట్లో, పిండిమర ముందు వాలులో బండి నిలిపారు. గుర్రాన్ని విప్పేశారు, బస్తాలు ఎక్కించేశారు. అలా నిలిపినప్పుడు చక్రం కింద రాయి పెట్టడం చిన్నోడి పని. ఆ రోజు వాడు టీ కొట్టు ముందు ఎవరితోనో కబుర్లలో పడ్డాడు. బండి వెనకనుంచి పెద్దోడు కేకేశాడు: "రాయి పెట్టావుట్రా?" వీడు తల కూడా తిప్పకుండా "ఆఁ, పెట్టా" అనేశాడు. పెట్టలేదు. బండి వెనక్కి దొర్లింది. పెద్దోడి కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

మర్చిపోవడం మనిషన్నవాడికి ఉన్నదే. కానీ ఆ "ఆఁ, పెట్టా" ఉంది చూశారూ, అది వాడి గొంతులో ఎముకలా అడ్డం పడింది.

మొదటిరోజు అన్నం క్యారియర్ పట్టుకుని ఆసుపత్రి గేటు దాకా వెళ్లాడు. అడుగు ముందుకి పడలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? క్యారియర్ వాచ్‌మన్ చేతికిచ్చి, రోడ్డుకి ఇవతల ఫుట్‌పాత్ పక్కన గుర్రాన్ని నిలిపి, తనూ దాని మెడ పట్టుకుని నిలబడ్డాడు. రోగుల్ని చూసే టైము అయిపోయిందని గంట కొట్టాక ఇంటికొచ్చాడు. తల్లి గడపలోనే అడిగింది: "ఏమన్నాడ్రా పెద్దోడు?"

"బానే ఉన్నాడమ్మా. అంతా తిన్నాడు. నవ్వుతూ మాట్లాడాడు."

ఒక అబద్ధానికి తోడు ఇంకోటి కావాలి కదా. రేపు ఏమన్నాడు, ఎల్లుండి ఏమన్నాడు అని ఆమె అడుగుతూనే ఉంది. వీడు చెబుతూనే ఉన్నాడు. నర్సుని ఆటపట్టించాడన్నాడు, డాక్టరు మీద జోకేశాడన్నాడు. గుర్రాన్ని లోపలికి తోలుకెళ్లి కిటికీ కింద కడుతున్నాననీ, అన్నయ్య కిటికీలోంచి చెయ్యి చాపి దానికి క్యారెట్ ముక్కలు పెడుతున్నాడనీ కూడా చెప్పాడు, వీధిలో అడిగినవాళ్లకీ అదే చెప్పాడు. తల్లి మొహం విప్పారేది. అది చూసినప్పుడల్లా వీడికి లోపల్లోపల తేళ్లు కుట్టినట్టుండేది. మర్నాడు గేటు దాటి తీరతానని ఒట్టేసుకునేవాడు. మర్నాడూ మళ్లీ అక్కడే నిలబడేవాడు.

చలి తగ్గుతోందనగా పూల సంగతి గుర్తొచ్చింది వాడికి! రోజూ ఎక్కడ నిలబడ్డాడో అవే చెప్పేస్తాయి. గుర్రం కాళ్లకి గోనెపట్టాలు కట్టి తీసుకెళ్లాడు. వీధంతా నవ్వింది. అయినా చలికాలమంతా వేసిన అడుగుల్ని ఇప్పుడేం కప్పుతాడు?

పూలు రావడానికి ముందు రోజు సాయంత్రం వాచ్‌మన్ ఖాళీ క్యారియర్ ఇస్తూ ఆపాడు. "మీ అన్నయ్యని రేపు పంపించేస్తున్నారు. పక్క మంచం ఆయనకి ఏదో దూరపు ఊళ్లో తాళాలు బాగుచేసే కొట్టుందట. కూర్చుని చేసే పని కదా, తనతో పోతున్నాడు. ఇంటికి రానని మీకు చెప్పమన్నాడు."

చిన్నోడు అదీ తల్లికి చెప్పలేదు. ఎలా చెబుతాడు? రోజూ నవ్వుతూ క్యారెట్లు తినిపిస్తున్న అన్న ఇంటికి రానన్నాడంటే ఆమె నమ్ముతుందా?

తెల్లవారేసరికి ఊరంతా పూలు. రొట్టెల కొట్టామె వాళ్ల వాకిట్లోకి వచ్చి మరీ అడిగింది, గొంతేమో పిండిమర దాకా వినిపించే గొంతు.

"ఏమయ్యా చిన్నోడూ, ఆసుపత్రికి ఎదురుగా ఫుట్‌పాత్ మీద పరుపు పరిచినట్టు పూశాయి. గేటు లోపల చూద్దామంటే ఒక్కటీ లేదు. కిటికీ కింద కడుతున్నానన్నావుగా?"

"అక్కడ... అక్కడ నేల మంచిది కాదక్కా."

"ఇనుప జల్లెడ మీద పూసినవి, మట్టిలో పూయవా?"

లోపల తల్లి దుప్పటి మడతపెడుతోంది. ఆమె చేతులు ఆగాయి, మళ్లీ కదిలాయి. ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది. చిన్నోడికి భూమి చీలిపోతే అందులోకి దూకెయ్యాలనిపించింది. బండి కట్టి ఆసుపత్రి వైపు తోలాడు.

ఎందుకనుకున్నారు? పూలు పీకెయ్యడానికి. సిగ్గుపడ్డవాడి బుద్ధి అలాగే పనిచేస్తుంది మరి. ఫుట్‌పాత్ మీద మోకాళ్లేసి, రెండు చేతులా పీకడం మొదలుపెట్టాడు. వేళ్లన్నీ పసుపయ్యాయి. సగం పీకాక వాచ్‌మన్ వచ్చి నెత్తిన నిలబడ్డాడు.

"ఆపు బాబూ. మీ అన్నయ్య చూస్తున్నాడు."

"ఎక్కడ్నుంచి?"

"రెండో అంతస్తు, ఎడమవైపు చివరి కిటికీ. మొన్ననే కర్రలిచ్చారు. పొద్దున లేచి మొదటిసారి కిటికీ దాకా నడిచాడు. అప్పట్నుంచీ కదల్లేదు."

చిన్నోడు తల ఎత్తలేదు. ఎత్తకపోయినా ఆ కిటికీ వీపు మీద బరువుగా తగిలింది. వాచ్‌మన్ మెల్లగా అన్నాడు: "బస్సు టైమవుతోంది. వెళ్తే ఇప్పుడే వెళ్లు."

గేటు దాటడానికి వాడికి ఎంత కష్టమైందో నేను చెప్పను, మీరెప్పుడైనా తప్పు చేసి ఒకరి గుమ్మం ముందు నిలబడి ఉంటే మీకే తెలుసు. ఫినాయిలు వాసన, ఆకుపచ్చ గోడలు, ఎక్కేకొద్దీ తరగని మెట్లు. చివరి మంచం పక్కన సంచీ కట్టి ఉంది. పెద్దోడు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. వెనక్కి తిరగలేదు.

"అన్నీ పీకేశావా?"

"సగం."

"నీ పనులన్నీ సగమేగా."

చిన్నోడు మంచం కోడు పట్టుకున్నాడు. "రాయి పెట్టలేదన్నయ్యా. పెట్టానన్నాను గానీ పెట్టలేదు."

"బండి మీదకొచ్చినప్పుడే తెలిసిందిరా. ఆ మాట చెప్పడానికి చలికాలమంతా పట్టిందా?"

"నీ మొహం చూడలేకపోయాను."

పెద్దోడు అప్పుడు తిరిగాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేనేమనుకున్నానో తెలుసా? క్యారియర్ వాచ్‌మన్ మొహాన పడేసి పోతున్నాడు, కాలు లేని అన్న బరువైపోయాడు వీడికి అనుకున్నాను. రోజూ ఆ అన్నం తింటూ అదే అనుకున్నాను. అందుకే రానన్నాను. ఇవాళ పొద్దున చూస్తే అక్కడ అన్ని పూలు. అంత ఒత్తుగా పూయాలంటే గుర్రం ఎంతసేపు నిలబడాలో నాకు తెలీదుట్రా?"

"గంట కొట్టేదాకా ఉండేవాళ్లం. రోజూ."

"ఆ నిలబడేదేదో లోపలికొచ్చి నిలబడి ఏడవొచ్చుగా, దరిద్రుడా!"

వార్డంతా ఇటు చూసింది. పక్క మంచం తాళాలాయన సంచీ సర్దుకుంటున్నట్టు నటించాడు. పెద్దోడే అడిగాడు: "అమ్మకేం చెప్పావ్?"

చిన్నోడు చెప్పాడు. క్యారెట్ల సంగతి దాకా వచ్చేసరికి పెద్దోడు కిటికీలోంచి కిందికి తొంగిచూసి, రెండంతస్తుల లోతు చూసుకుని, "నా చెయ్యి అంత పొడుగా?" అన్నాడు.

"జోకులేస్తున్నావని కూడా చెప్పాను."

"నేనా? ఏం జోకులు? చెప్పు, నేనేమన్నానో నాకూ తెలియాలిగా."

చిన్నోడు నేల చూస్తూ గొణిగాడు: "నర్సు నీ బరువు చూసి, తగ్గారండీ అందట. కాలు తీసేసి తూకమేస్తే తగ్గక పెరుగుతానా అన్నావట."

పెద్దోడు ఊపిరి బిగబట్టాడు. తర్వాత వాడి పొట్ట కదిలింది, ఆ తర్వాత భుజాలు. నవ్వు ఆపుకోలేక కర్ర జారిపోతే చిన్నోడు వంగి పట్టుకున్నాడు. "బానే అన్నానే!" అన్నాడు పెద్దోడు కళ్లు తుడుచుకుంటూ. తాళాలాయన లేచి తన సంచీ భుజానేసుకున్నాడు. "మీ బండి వచ్చినట్టుంది. నేను బస్సుకి పోతా" అని, పెద్దోడి వీపు తట్టి వెళ్లిపోయాడు.

గుర్రం పెద్దోణ్ని చూసి సకిలించింది. ఖాళీ బస్తాలు పరిచి వాణ్ని బండిలో కూర్చోబెట్టి, ఇంటిదాకా నడిపించుకునే తెచ్చాడు చిన్నోడు.

తల్లి గడపలో కూర్చుని ఉంది. పెద్దోడి మొహమంతా తడిమింది, చేతులు తడిమింది, మడిచి పిన్ను పెట్టిన పైజామా కాలు దగ్గరికొచ్చి ఆగింది. పమిటతో కళ్లొత్తుకుని, "గుర్రానికి కిటికీలోంచి క్యారెట్లు పెట్టేవాడివటగా" అంది.

"అవునమ్మా, వేళ్లు కూడా కొరకబోయేది" అన్నాడు పెద్దోడు తడుముకోకుండా.

చిన్నోడి చెవులు కాలిపోయాయి. తన వల్ల కాలు పోగొట్టుకున్న అన్నే తన అబద్ధాన్ని మోస్తున్నాడు. అంతకంటే సిగ్గు ఇంకేం ఉంటుంది?

"లేదమ్మా," అన్నాడు. "అన్నయ్య ఉన్నది రెండో అంతస్తులో. నేను గేటు దాటలేదు, ఇవాళే దాటాను. ఏం తిన్నాడో ఏమన్నాడో అంతా నేను కల్పించి చెప్పిందే. ఆ రోజు చక్రం కింద రాయి కూడా పెట్టలేదు. పెట్టానని అబద్ధమాడాను."

ఎదురుగా రొట్టెల కొట్టామె తన కొట్టు ముందు చెవులు రిక్కించి నిలబడింది.

"జోకులు కూడా కల్పించినవేనా?" అంది తల్లి.

"అవీ అంతే."

"అది మొదటి జోకుకే తెలిసిందిలే. పెద్దోడు పుట్టాక ఒక్క జోకు ఒడ్డున పడేసింది లేదు. సగంలో మర్చిపోయి తనే నవ్వేస్తాడు."

"మరి ఒక్కసారీ అడగలేదేమ్మా?"

"అడిగితే ఆ గేటు దాకా పోవడం కూడా మానేస్తావేమోనని."

చిన్నోడు గడప మీద కూలబడి, తల్లి ఒళ్లో మొహం దాచుకుని, వీధంతా చూస్తుండగా వెక్కివెక్కి ఏడ్చాడు. పెద్దోడు కర్రలు గోడకి ఆనించి, వాడి భుజం ఊతంగా పట్టుకుని, మెల్లగా వంగి పక్కన కూర్చున్నాడు.