ముందు తలుపు

ట్రైనింగు స్కూల్లో తప్పు చెయ్యని పిల్ల లేదు. కానీ ఒకే తప్పును అన్నిసార్లు చేసింది మాత్రం వరలక్ష్మి ఒక్కతే. పాఠం మొదలుపెట్టిన కాసేపటికే బోర్డు వైపు తిరిగిపోయేది. ఆ తర్వాత పాఠం అయ్యేదాకా పిల్లలకు ఆమె తెల్లచీర, వీపు తప్ప ముఖం కనిపించేది కాదు.

మదనపల్లెలోని ఆ స్కూల్లో వారానికొకసారి విమర్శ పాఠం ఉండేది. ఒక అమ్మాయి చిన్నపిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలి. తక్కిన అమ్మాయిలంతా వెనక బెంచీల మీద కూర్చుని తప్పులు రాసుకోవాలి. పిల్లల్ని పంపేశాక ఆ తప్పులన్నీ ఆమె ముందే చదవాలి. కొత్తకోడలికి అత్తారింట్లో కూడా అంత విచారణ జరగదు. గొంతు చాలలేదని ఒకరికి, సుద్దముక్క కీచుమందని ఒకరికి విమర్శలు వచ్చేవి. వరలక్ష్మి వంతు వచ్చేసరికి అందరి కాగితాల్లో ఒకటే మాట. చివరికి ఆమెకు వీపు టీచరమ్మ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. ఆమె కూడా వాళ్ళతో పాటు నవ్వేది గానీ, గదిలోకి వెళ్ళి ఏడ్చేది.

ఆ తప్పు ఆమె వెంట గుడుపల్లె నుంచి వచ్చింది. కాపురానికి వెళ్ళకముందే మొగుడు పోయాడు. తండ్రి నారాయణప్పది చింతపండు వ్యాపారం. ఆయన సంతకు బయల్దేరినా, అన్న కుప్పం వెళ్ళినా, ఇంట్లో ముందుగా వినిపించే మాట వరలక్ష్మిని లోపలికి పొమ్మని. ఆమె ఎదురొస్తే పని చెడుతుంది. కొన్నాళ్ళకు ఆ మాట కూడా చెప్పనక్కర్లేకపోయింది. చెప్పుల చప్పుడు వింటే చాలు, తనంతట తానే గోడ వైపు తిరిగి నిలబడేది. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అందరూ ప్రేమగానే దాచిపెట్టారు. ఆ ప్రేమ కంటే నాలుగు దెబ్బలు నయం.

కుప్పంలో ఉండే ఒక నర్సమ్మ చెప్పగా నారాయణప్ప ఆమెను ట్రైనింగుకు పంపడానికి ఒప్పుకున్నాడు. కొడుకు మొదట ఒప్పుకోలేదు. చివరికి, రెండేళ్ళు చూద్దాం, పాసు కాకపోతే తిరిగొచ్చి వంటింట్లో ఉండాలన్నాడు. జపాను యుద్ధం సాగుతున్న రోజులవి. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. పలమనేరు దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి పుంగనూరు మీదుగా ఇంకో బస్సు. మిట్ట వచ్చిన చోటల్లా మగవాళ్ళు దిగి తోశారు. మసి కొట్టుకుపోయిన ముఖంతో మదనపల్లెలో దిగినప్పుడు ఆమెకు ఒకటే కోరిక. అందరూ తిన్నాక తిని, చెప్పుల చప్పుడు వింటూ ఆ ఇంట్లో ముసలిది కాకూడదు. అంతకు మించి చదువు మీద మోజేమీ లేదు అప్పటికి.

ట్రైనింగు ఇచ్చే సుశీలమ్మ తల నెరిసిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, నోరు మంచిది కాదు.

"నువ్వు బోర్డుకు చెప్తాండావా, పిల్లోళ్ళకు చెప్తాండావా? పిల్లోళ్ళు నీ నోరు సూసి అచ్చరాలు పలకల్ల. వీపు సూసి కాదు" అంది ఒకరోజు.

ఆ రోజు వరలక్ష్మి కారణం చెప్పేసింది. సుశీలమ్మ అయ్యో అనలేదు, కన్నీళ్ళు తుడవలేదు. రేపటి నుంచి పొద్దున్నే హాస్టలు గేటు దగ్గర నిలబడి, బయటికి పోయే ప్రతి పిల్లనూ పేరు పెట్టి పలకరించమని హుకుం జారీ చేసింది. మొదట్లో వరలక్ష్మి ఆ గేటు దగ్గర కళ్ళు మూసుకుని నిలబడేది. క్రైస్తవుల పిల్లలు వందనాలక్కా అంటూ ఆమె ముందు నుంచే వెళ్ళేవాళ్ళు. ఎవరికీ కాలు విరగలేదు. తనతోనే ట్రైనింగు చదివే లిడియా అనే పిల్ల అయితే ఆమెకు ఎదురొచ్చి మరీ వెళ్ళి లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకుని, ఇక ప్రతి పరీక్షకూ వరలక్ష్మక్క ముఖం చూసే పోవాలని హాస్టలంతా చాటింది. ఏడాది తిరిగేసరికి వరలక్ష్మి మెడ నిలబడింది. బోర్డు మీద రాసి, మళ్ళీ పిల్లల వైపు తిరగడం వచ్చింది.

సుశీలమ్మ అందరికీ నేర్పే మొదటి సూత్రం ఒకటుంది. బడి గంటతో మొదలు కాదు, గుమ్మంతో మొదలవుతుంది. టీచరు గుమ్మంలో నిలబడి పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి లోపలికి తీసుకోవాలి. ఆఖరి పరీక్షలో దానికీ మార్కులున్నాయి. ఆ పరీక్ష ఎలా ఉంటుందంటే, ఏదో ఒక ఊరి బడిలో నెల రోజులు పాఠాలు చెప్పాలి. నెలాఖరున పరీక్షాధికారి వచ్చి వెనక కూర్చుని ఒక పాఠం చూస్తాడు. అది కుదిరితే పాసు, లేకపోతే లేదు. రెండో ఏడు దసరా వెళ్ళాక వరలక్ష్మిని పుంగనూరుకు పంపారు.

పుంగనూరులో ఆమెకు ఒకటో తరగతి ఇచ్చారు. మొదటి రోజు గుమ్మంలో నిలబడింది. తల్లులు దూరం నుంచే చూసి పిల్లలను వెనక్కి తీసుకుపోయారు. ఎవరూ గొడవ పడలేదు. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ లోకం నోటికి పెట్టలేమంటారు. ఇక్కడ లోకం నోరు కూడా తెరవలేదు, నడిచి వెళ్ళిపోయింది. హెడ్మాస్టరు గోపాలస్వామి మంచివాడు, పిరికివాడు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటే పని సులువుగా జరిగిపోతుంది. పాము చావకుండా, కర్ర విరక్కుండా ఒక దారి కనిపెట్టాడు. వరలక్ష్మి పెరటి తలుపు నుంచి ముందే లోపలికి వచ్చి కూర్చోవాలి. ముందు గుమ్మంలో నిలువు నామంతో ఆయన నిలబడతాడు. పిల్లలు మొదట ఆయన ముఖం చూసి లోపలికి వస్తే దోషం ఉండదు. తల్లులు ఒప్పుకున్నారు. వరలక్ష్మి కూడా ఒప్పుకుంది. పరీక్ష రోజున మాత్రం పిల్లలు సగం మంది లోపలికి వచ్చాక ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడేట్టు మాట కుదిరింది.

పాఠాలు మాత్రం బాగా సాగాయి. నేల మీద సుద్దతో పెద్ద అక్షరం రాసి, దాని మీద పిల్లల చేత చింతపిక్కలు పేర్పించేది. పిక్కలు పేర్చిన అక్షరం చేతికి అలవాటైపోతుంది. నోట్లో పెట్టుకునేవాళ్ళు, దొంగిలించేవాళ్ళు, అలిగేవాళ్ళు. వాళ్ళను చూస్తుంటే ఆమెకు మొదటిసారిగా ఈ పని వంటింటి నుంచి తప్పించుకునే దారి మాత్రమే కాదనిపించింది. పొద్దున లేవగానే వాళ్ళే గుర్తొచ్చేవాళ్ళు.

ఆ పిల్లల్లో రెడ్డెమ్మ ఒకతి. తండ్రి పట్టాళంలో బర్మా వైపు వెళ్ళాడు. నెల సగంలో ఉండగా ఆయన చనిపోయినట్టు తంతి వచ్చింది. రెడ్డెమ్మ కొన్నాళ్ళు బడికి రాలేదు. తర్వాత వాళ్ళ అవ్వ బయ్యమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దించిపోయింది. ఆ రోజు పిల్లలంతా ఆడుకోవడానికి వెళ్ళినా రెడ్డెమ్మ పిక్కల దగ్గరే కూర్చుంది. ఏమ్మా, ఆకలా అని వరలక్ష్మి అడిగితే తల అడ్డంగా ఊపింది.

"మాయమ్మను పొద్దున్నే సూడగూడదంట. కండ్లు మూసుకోని ఆమె పక్క నుంచి పోవల్లంట, అవ్వ చెప్పింది" అని, తలెత్తి అడిగింది. "నువ్వు గూడా అందుకేనా టీచరమ్మా, పెరటి తలుపు నుంచి వస్తాండావు?"

ట్రైనింగులో పిల్లల ప్రశ్నకు ఎప్పుడూ జవాబు దాటవేయకూడదని నేర్పారు. ఆమె దాటవేసింది. చెదిరిన పిక్కలు సర్దమని పాపకు చెప్పి బోర్డు వైపు తిరిగింది. ఆ తిరగడం ఆమెకే తెలిసింది. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

పరీక్ష రోజు పొద్దున సుశీలమ్మ, పరీక్షాధికారి దొరస్వామి వచ్చి తరగతి వెనక కూర్చున్నారు. గోపాలస్వామి నామం దిద్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అక్కడ వరలక్ష్మి నిలబడి ఉంది. ముందు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి ఉంది.

ఎదురింటి అరుగు దగ్గర తల్లులు ఆగిపోయారు. వరలక్ష్మి నేర్పినట్టే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. ఎల్లప్ప అనే పిల్లవాడు నవ్వుతూ రెండడుగులు వేశాడు. తల్లి జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది. బయ్యమ్మ రెడ్డెమ్మను తీసుకుని ఇంటిదారి పట్టింది. పాప తల తిప్పి తిప్పి చూస్తూ వెళ్ళింది.

"అమ్మా, రవ్వంతసేపు లోపలికి పోమ్మా. పిల్లోళ్ళు వచ్చేస్తారు, నీ పరీచ్చ పాసవుతాది. ఎవురికి నష్టం?" అని గోపాలస్వామి చేతులు జోడించినంత పని చేశాడు. సుశీలమ్మ కూడా లేచి వచ్చింది. గుమ్మం సూత్రం నేర్పిన ఆ సుశీలమ్మే, ముందు సర్టిఫికెట్టు చేతికి రానీ, పంతాలు తర్వాత చూసుకోవచ్చునని చెవిలో చెప్పింది.

వరలక్ష్మి ధైర్యవంతురాలేమీ కాదు. గుడుపల్లె వంటిల్లు, పొగ, అన్న ముఖం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఒక్క అడుగు వెనక్కి వేస్తే అవన్నీ పోతాయి. ఇన్నేళ్ళుగా వేస్తూ వచ్చిన అడుగే అది.

"నేను ఈ పొద్దు లోపలికి పోతే, ఆ పాప రేపు గూడా వాళ్ళమ్మ పక్కన కండ్లు మూసుకోనే పోతాది" అంది. "నేనీడనే ఉంటానమ్మా."

గంట కొట్టారు. తల్లులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎండ గడప దాటి ఖాళీ గదిలోకి వచ్చింది. దొరస్వామి గడియారం చూసుకుని లేచాడు. ఆయన తలపాగా సర్దుకుంటుండగా వీధి మలుపులో ఒక ఆడమనిషి కనిపించింది.

రెడ్డెమ్మ తల్లి మంగమ్మ. తంతి వచ్చిన రోజు నుంచి ఆమె వాకిలి దాటలేదు. ఇంకా కొన్ని నెలలు దాటకూడదు. పట్టపగలు, నడివీధిలో, పాప చెయ్యి పట్టుకుని వస్తోంది. నీళ్ళ బిందెలతో వస్తున్న ఆడవాళ్ళు గోడవారకు తప్పుకున్నారు. వెనకాల బయ్యమ్మ శాపనార్థాలు పెడుతూ మలుపు దాకా వచ్చి, అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు కొడుకు కోసమో, కోడలు తీసిన పరువు కోసమో చెప్పడం కష్టం. రెండింటికీ కావచ్చు.

మంగమ్మ మెట్టు దగ్గర ఆగింది.

"ముందు తలుపులో నిలబడుకోని అందరినీ పిలస్తాండావని పాప చెప్పింది. పిలిస్తే రావల్ల కదమ్మా. అందుకే నేనే పిల్చుకోని వచ్చినాను."

వరలక్ష్మి రెడ్డెమ్మను పేరు పెట్టి పిలిచి లోపలికి తీసుకుంది. మంగమ్మను కూడా రమ్మంది. ఆమె రాలేదు, మెట్టు మీదే కూర్చుంది.

ఒక్క పిల్ల ఉంటే తరగతి కాదని, తరగతి లేనిచోట మార్కులు వెయ్యడానికి రూలు ఒప్పుకోదని దొరస్వామి చెప్పాడు. చెడ్డగా చెప్పలేదు, బాధగానే చెప్పాడు. సరే సార్ అని వరలక్ష్మి నేల మీద కూర్చుని సుద్దముక్కతో అక్షరం రాసింది. ఆనాటి పాఠం ళ. మెలికల అక్షరం, పిక్కలు ఊరికే పక్కకు జరిగిపోతాయి. పాప తప్పు పేర్చినప్పుడల్లా చెరిపి మళ్ళీ పేర్పించింది. తాళం అనిపించింది, గోళీ అనిపించింది. పాఠం మధ్యలో ఆమె ఒక్కసారి కూడా ముఖం పక్కకు తిప్పలేదు. మెట్టు మీద నుంచి మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ ఉంది. దొరస్వామి వెళ్ళిపోవచ్చు. బస్సుకు టైమైంది కూడా. కానీ పాఠం అయ్యేదాకా నిలబడే చూసి, ఆ తర్వాత రూలు రాయమన్నదే రాసి వెళ్ళాడు.

ఆ ఏటి పాసైనవాళ్ళ పేర్లలో వరలక్ష్మి పేరు లేదు. లిడియా పేరు ఉంది. లిడియా తన పేరు చూసుకుని ఏడ్చింది.

నారాయణప్ప కబురందుకుని వచ్చి హాస్టలు వరండాలో కూర్చున్నాడు. పెట్టె సర్దుకోమన్నాడు. కొడుకుకు ఇచ్చిన మాట ఉందన్నాడు. ఆమె ఆయన ఎదురుగా నిలబడి, తాను రానని, ఇంకో నెల చేసి పరీక్షకు మళ్ళీ కూర్చుంటానని, అప్పటిదాకా హాస్టల్లో వంటకు సాయం చేసి కడుపు నింపుకుంటానని చెప్పింది. ఆయన చాలాసేపు కూతురి ముఖం వైపే చూశాడు. అంతసేపు చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. కళ్ళు తుడుచుకుని, మీ అన్నకు ఏదో ఒకటి చెబుతాలే అని మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే వెళ్ళిపోయాడు.

మళ్ళీ చెయ్యాల్సిన నెలకు ఏ బడి కావాలని సుశీలమ్మ ఆమెను అడిగింది. అడగడం పేరుకే. మదనపల్లెలోనే చేయించాలని ముందే అనుకుంది. ఇక్కడి పిల్లలు ఆమెను చూసి పారిపోరు, పరీక్ష నల్లేరు మీద బండిలా సాగిపోతుంది. వరలక్ష్మి పుంగనూరు అంది.

సుశీలమ్మకు కోపం వచ్చింది. "యాల ఇంత మొండితనం? ఆడ మళ్ళీ ఒక్కరూ రాకపోతే ఏం చేస్తావు?"

వరలక్ష్మి తల వంచుకోలేదు.

"ఆ పాపకు ఇంకా సగం అచ్చరాలే వచ్చినాయమ్మా" అంది.

సుశీలమ్మ కాగితం దగ్గరికి లాక్కుని పుంగనూరు అని రాసింది.